సగంలో ఆగిన పని బల్ల మీదే ఉండనివ్వండి

సెలవులు దగ్గరపడుతున్నాయంటే నాకు వచ్చే ఉత్తరాల్లో సగం ఒకటే మాట చెబుతాయి: పిల్లలతో కలిసి ఏదైనా చేతిపని చేయాలని ఉంది, టైమ్ దొరకడం లేదు. ఏళ్ల తరబడి స్కూల్లో క్రాఫ్టు క్లాసు చెప్పినదాన్ని కాబట్టి నా దగ్గర చిట్కాలు ఉంటాయని మీ నమ్మకం. చిట్కాలు ఉన్నాయి, చీవాట్లు కూడా ఉన్నాయి. ఏది ఎవరికో చదివి మీరే తేల్చుకోండి.

ప్రశ్న: టీచర్ గారూ, మాకు ఏడేళ్ల పాప, నాలుగేళ్ల బాబు. ఆయనా నేనూ ఇద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. పోయిన సెలవుల్లో ఎంతో ఆశపడి క్రాఫ్ట్ కిట్లు కొన్నాను. పావుగంట కూర్చుని పిల్లలు లేచిపోయారు. పెట్టె మీద బొమ్మలో ఉన్నట్టు రాలేదని నేనే కూర్చుని సరిచేసి అతికించాను. తీరా చూసి బాబు "అది నాది కాదు" అని ఏడుపు. ఆ తర్వాత గంటసేపు ఇల్లు ఊడ్చుకున్నాను. ఈసారి మొదలుపెట్టాలంటేనే టెన్షన్‌గా ఉంది.

బాబు అన్నది నిజమేనమ్మా. మీరు సరిచేశాక అది మీ బొమ్మ. అసలు ఎలా రావాలో పెట్టె మీద అచ్చేసి పెట్టాక పిల్లలకు మిగిలేది కూలిపనే. అందుకే లేచిపోయారు. నాలుగేళ్ల పిల్లాడు పావుగంట కదలకుండా కూర్చున్నాడంటే నన్నడిగితే ఎక్కువే.

మీరు రాసిన లెక్క మళ్లీ చూసుకోండి. పని పావుగంట, ఊడ్చుకోవడం గంట. సామాన్లు వెతికి తీయడానికి పట్టిన సమయం మీరు రాయనే లేదు. మీ టైమ్ తినేస్తున్నది బొమ్మలు చేయడం కాదు, తీయడమూ సర్దడమూ. ఆ రెండూ రోజూ చేయకుండా ఉంటే చాలు. ఒక పెద్ద అట్టపెట్టె మూతో, వెడల్పాటి ట్రేనో సెలవులన్నాళ్లూ బల్ల మీద ఒక మూల ఉంచేయండి. పని ఎక్కడ ఆగితే అక్కడే, అలాగే ఉంటుంది. కత్తెర మాత్రం చిన్నవాడికి అందనంత ఎత్తున పెట్టండి. అటుగా వెళ్తూ ఒక కాగితం ముక్క అతికించి పోతారు, సాయంత్రం మళ్లీ వస్తారు. చుట్టాలొస్తే ఏమనుకుంటారో అని దాన్ని మంచం కింద దాచారా, ఆ రోజుతో పని ఆగిపోయినట్టే.

సామాన్లు తగ్గించండి. అట్ట, కాగితం, జిగురు, ఈ మూడు చాలు. కింద పాత దుప్పటి పరచండి, అయ్యాక నాలుగు కొసలూ పట్టుకుని దులిపేస్తే సరిపోతుంది. మెరుపు పొడిని మాత్రం నేను ఇంట్లో అడుగుపెట్టనివ్వను. ఏడాది తర్వాత కూడా దిండు గలీబుల్లో దొరుకుతుంది.

ఏం చేయాలంటారా? ఒక్క రోజులో తెమలనిది ఏదైనా ఎంచుకోండి. పాత అట్టపెట్టెలతో ఒక ఊరు కట్టండి. రోజుకో ఇల్లు, ఒకరోజు ఏమీ కట్టకపోయినా ఊరు ఎక్కడికీ పోదు. చిన్నవాడు కాగితాలు చింపి గోడలకు అతికిస్తాడు. చింపేటప్పుడు వాడికి ఒక తమాషా చూపించండి. న్యూస్ పేపరును ఒక వైపు నుంచి చింపితే తిన్నగా చీలుతుంది, అడ్డంగా చింపితే ఎటో పక్కకు పోతుంది. కాగితం తయారయ్యేటప్పుడు దాని పీచు ఎక్కువగా ఒకే దిక్కుకు సర్దుకుంటుంది, దాని వెంట చింపితే మాట వింటుంది. అట్టకూ అలాంటి దిక్కు ఉంది. అంచు నుంచి చూస్తే రెండు పొరల మధ్య గొట్టాల్లాంటి గాళ్లు కనబడతాయి. గాళ్ల వెంట మడిస్తే ఇట్టే మడత పడుతుంది. అడ్డంగా మడవాల్సి వస్తే, సిరా అయిపోయిన బాల్ పెన్నుతో స్కేలు ఆనించి గట్టిగా ఒక గీత గీసి అప్పుడు మడవమనండి. పాపకు ఈ ఒక్కటి వస్తే ఇక మిమ్మల్ని పిలవదు. కిటికీలు ఎక్కడ కావాలో పాపే గీస్తుంది. బ్లేడు పట్టి కోసేది మాత్రం మీరు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది. అదే బల్ల దగ్గర మీ చేతుల్లో మీ సొంత పని ఒకటి ఉండాలి. పిల్లలకు చూపించడానికి చేసే నమూనా కాదు, మీకు నచ్చి మీరు చేసుకునేది. మీ చేతులు ఖాళీగా ఉన్నంతసేపూ వాళ్ల బొమ్మలు సరిచేయడానికే పోతాయి.

ప్రశ్న: మైదా, ఉప్పు కలిపి పిల్లలతో బొమ్మలు చేయించాను. ఆరేసరికి పగుళ్లొచ్చాయి. పగలనివి కూడా కొన్నాళ్లకు మెత్తబడి రంగు ఊడిపోయింది. పొరపాటు ఎక్కడ?

పగుళ్లు మందం వల్ల వస్తాయి. పైపొర ముందే ఆరి బిగుసుకుంటుంది, లోపల ఇంకా తడే. లోపలిది ఆరుతూ కుంచించుకుపోయేసరికి పైన చీలుతుంది. చిటికెన వేలి కన్నా మందం కానివ్వకండి. పెద్ద తలకాయ కావాలంటే అల్యూమినియం ఫాయిల్‌ను ఉండగా నలిపి లోపల పెట్టి, పైన పిండి పలచగా కప్పండి. ఎండలో పెట్టకండి, గాలి తగిలే నీడలో ఉంచి రోజూ తిరగేయండి.

మెత్తబడింది ఉప్పు వల్ల. అది గాలిలో తేమను లాక్కుంటుంది. బొమ్మ పూర్తిగా ఆరాక రంగు, రంగు ఆరాక వార్నిష్, అదీ అన్ని వైపులా వేయాలి. అందరూ అడుగు భాగం వదిలేస్తారు, తేమ అక్కడి నుంచే ఎక్కుతుంది.

కొలత: నాలుగు కప్పుల మైదా, ఒక కప్పు మెత్తటి ఉప్పు, ఒకటిన్నర కప్పుల నీళ్లు. అయిదు నిమిషాలకు తగ్గకుండా పిసకాలి. నొక్కి చూస్తే చెవి తమ్మె అంత మెత్తగా ఉండాలి. ఇది నా కొలత కాదు, రూత్ అసావా అనే అమెరికన్ శిల్పి పిల్లలకు నేర్పినది. శాన్ ఫ్రాన్సిస్కోలో 1973లో పెట్టిన ఒక ఫౌంటెన్ కోసం చిన్నాపెద్దా ఎంతోమంది చేత ఈ పిండితోనే ఆ ఊరి బొమ్మలు చేయించి, వాటిని కంచులో పోత పోయించింది. కాబట్టి పిండి బొమ్మలే కదా అని తీసిపారేయకండి.

ఇంట్లో కుక్క ఉంటే దానికి అందనివ్వకండి. అంత ఉప్పు కడుపులోకి పోతే దాని ప్రాణం మీదికి వస్తుంది.

ప్రశ్న: మేడమ్, మా అబ్బాయికి పదేళ్లు. చిన్నప్పుడు గోడలన్నీ బొమ్మలే. ఇప్పుడు గీయమంటే "నాకు రాదు" అంటాడు. గీసినా చెరిపి చెరిపి, చివరికి కాగితం చింపేస్తాడు. మొదట్నుంచీ క్లాసుకు పంపించి ఉండాల్సిందా?

క్లాసు సంగతి కాదు బాబూ, వయసు సంగతి. పిల్లల బొమ్మలను పరిశీలించిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ ఈ వయసుకు విడిగా ఒక దశే పెట్టాడు. దాదాపు తొమ్మిదేళ్ల నుంచి పిల్లలకు బొమ్మ నిజంలా కనబడాలన్న పట్టింపు మొదలవుతుంది. కన్ను ముందుకు పోయింది, చెయ్యి వెనకబడింది. మీ వాడికి తన తప్పు కనబడుతోంది, అది తెలివి పెరిగిన లక్షణం. అప్పుడు "ఎంత బాగుందో" అని మీరు పొగిడితే, మీకు చూడటం రాదనుకుంటాడు.

కొన్నాళ్లు పెన్సిలు పక్కన పెట్టించండి. కత్తెర ఇవ్వండి, గీయకుండా నేరుగా కత్తిరించమనండి. ఫ్రెంచ్ చిత్రకారుడు హెన్రీ మటీస్ 1941లో పెద్ద ఆపరేషన్ అయ్యాక తర్వాతి ఏళ్లలో ఎక్కువగా చేసింది ఇదే. సహాయకులు కాగితాలకు రంగు పూసి ఇస్తే, కత్తెరతో ఆకారాలు కోసి, గోడకు పిన్నులతో గుచ్చించి, నచ్చేదాకా చోటు మార్పించేవాడు. మీరూ వెంటనే జిగురు ఇవ్వకండి. ముక్కను జరపవచ్చు అంటే చెరపాల్సిన పనే లేదు.

ఇంకొకటి, ఈ వయసులో ఎలా పనిచేస్తుందో తెలిసే వస్తువులంటే మోజు. పుస్తకం కుట్టడం నేర్పండి. ఆరేడు కాగితాలు కలిపి మధ్యకు మడవాలి. మడత మీద మూడు చిల్లులు: నడిమిన ఒకటి, పైన ఒకటి, కింద ఒకటి. దారం పుస్తకం పొడవుకు మూడింతలు తీసుకోండి. సూది లోపలి నుంచి నడిమి చిల్లులోంచి బయటికి, పై చిల్లులోంచి లోపలికి. లోపల నడిమి చిల్లును దాటేసి కింది చిల్లులోంచి బయటికి. మళ్లీ నడిమి చిల్లులోంచి లోపలికి. ఇప్పుడు రెండు దారపు కొసలూ లోపలే ఉంటాయి. మధ్యలో సాగిన పొడవాటి దారానికి చెరోవైపు కొస వచ్చేలా చూసి, దాని మీదుగా ముడి వేయాలి. ముడి ఇలా ఎందుకు వేయాలో మీరు చెప్పకండి. ఒకసారి ఒకే పక్కన వేసి చూడనివ్వండి, మధ్యలో దారం వదులై వేలాడుతుంది.

తన పుస్తకం తనే కుట్టుకున్నవాడు దాన్ని ఖాళీగా ఉంచుకోడని నా నమ్మకం. ఒకవేళ ఉంచుకున్నా మీరు ఏమీ అనకండి.

ప్రశ్న: చెల్లెమ్మా, మనవలు సెలవులకు వస్తున్నారు. బొమ్మకో బహుమతి చొప్పున పోటీ పెడదామనుకుంటున్నాను. ఉత్సాహంగా ఉంటారు కదా?

రెండు రోజులు ఉంటారు అన్నయ్య గారూ, ఆ తర్వాత బహుమతి లేకపోతే బొమ్మా ఉండదు. మార్క్ లెపర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మరో ఇద్దరు కలిసి 1973లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. స్కెచ్ పెన్నులతో బొమ్మలు గీయడం ముందే ఇష్టమున్న మూడు నుంచి అయిదేళ్ల పిల్లలను తీసుకున్నారు. కొందరికి, గీస్తే రిబ్బను కట్టిన సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా గీశాక ఇచ్చారు. కొందరికి ఏమీ లేదు. కొద్ది రోజుల తర్వాత ఆటల సమయంలో పెన్నులు ఊరికే బల్ల మీద పెట్టి చూస్తే, ముందే ఆశ చూపించిన పిల్లలు మిగతావాళ్లు గీసినదాంట్లో దాదాపు సగం సమయమే గీశారు. చెప్పకుండా అందుకున్నవాళ్లకు అలాంటి నష్టం ఏమీ కాలేదు.

కాబట్టి ఇవ్వాలనిపిస్తే చివర్లో, ఊరించకుండా ఇవ్వండి. మీరు కూడా కత్తెర పట్టుకుని వాళ్ల పక్కన కూర్చుంటే ఇంకా మంచిది.

ప్రశ్న: అక్కయ్యా, పెళ్లికి ముందు బట్ట మీద ఎంబ్రాయిడరీ చేసేదాన్ని, రంగులు వేసేదాన్ని. పాప పుట్టాక ఒక్క కుట్టు వేయలేదు. పాప పడుకున్నాక తీద్దామంటే ఒళ్లు సహకరించదు. పగలు తీస్తే పాపను పట్టించుకోవడం లేదేమో అని మనసు పీకుతుంది. ఇదంతా స్వార్థమా?

స్వార్థం అయితే అయింది, చేయమ్మా. ఆ ప్రశ్నకు జవాబు దొరికేదాకా ఆగితే సూది తుప్పు పడుతుంది.

పైన పిండి బొమ్మల దగ్గర చెప్పిన రూత్ అసావాకు ఆరుగురు పిల్లలు. తీగను ఉచ్చు వెంట ఉచ్చుగా అల్లుతూ పైకప్పు నుంచి వేలాడే శిల్పాలు చేసేది. ఆ అల్లిక 1947లో మెక్సికో వెళ్లినప్పుడు నేర్చుకుంది, అక్కడ బుట్టలు అలా అల్లేవారు. ఆ పనికి పెద్ద సరంజామా అక్కర్లేదు, ఒక తీగ చుట్ట, రెండు చేతులు. ఇంట్లోనే, పిల్లలు చుట్టూ తిరుగుతుండగానే అల్లింది. 1968లో పిల్లల స్కూల్లో ఒక కళల వర్క్‌షాప్ మొదలుపెట్టడంలో ముందు నిలిచింది కూడా ఆవిడే.

అందరూ ఆమె అంతటివాళ్లు కావాలని చెప్పడం లేదు. ఆమె ఎంచుకున్న పని ఎలాంటిదో చూడమంటున్నాను. ఎక్కడైనా ఆపవచ్చు, ఎక్కడ ఆపారో చూడగానే తెలుస్తుంది, ఎండిపోయేదీ చెడిపోయేదీ ఏమీ ఉండదు. మీ ఎంబ్రాయిడరీకీ ఆ మూడు గుణాలూ ఉన్నాయి, రంగులకు లేవు. పాప కొంచెం పెద్దదయ్యేదాకా రంగులు అటకెక్కించి ఫ్రేము కిందికి దించండి. బట్ట బిగించి, ఒక సూదికి దారం ఎక్కించి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టుకోండి. ఆపేటప్పుడు వరస పూర్తి చేసి ఆపకండి, మధ్యలో ఆపండి. మర్నాడు ఎక్కడ మొదలుపెట్టాలా అన్న ఆలోచన ఉండదు.

రాత్రి తీయకండి. పగలే, పాప చూస్తుండగా తీయండి. "అమ్మ ఈ పువ్వు అయ్యాక వస్తుంది" అన్న మాట విని ఆగడం పిల్లలకు నష్టం కాదు. మూడేళ్లు దాటి ఉంటే పాపకూ పని ఇవ్వండి: అట్ట మీద దూరదూరంగా చిల్లులు పొడిచి, మొద్దు మొన ఉన్న ప్లాస్టిక్ సూదికి ఊలు దారం కట్టి. ఆ వయసులో పొడిచిన దారమే మళ్లీ లాగేసి మళ్లీ పొడుస్తారు. లాగేయనివ్వండి.

ఇంకా ఒక మాట. ఇంట్లో మిగతావాళ్లు ఆ అరగంట పాపను చూసుకోగలరా అని మీరు ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. అడిగారో లేదో కూడా రాయలేదు. అడగండి.

ప్రశ్న: సెలవులయ్యేసరికి ఇల్లంతా కాగితాలు, బొమ్మలు. పెట్టుకోవడానికి చోటు లేదు, పారేస్తే పాప గొడవ. ఏం చేయమంటారు?

ఒక పెట్టె పెట్టండి, ఒక్కటే. అందులో పట్టినన్నే ఉంటాయి, ఏవి ఉండాలో పాప ఎంచుకుంటుంది. మీరు ఎంచితే చక్కగా వచ్చినవే ఎంచుతారు. పాప ఎంచేవి వేరుగా ఉంటాయి. పెట్టెలో పట్టని పెద్దవాటిని ఫొటో తీసి, విరగ్గొట్టే పని పిల్లలకే అప్పజెప్పండి. కట్టడం కన్నా అదే ఇష్టంగా చేస్తారు. ఉప్పు పిండి బొమ్మలను కాగితాలతో కలిపి పెట్టకండి, తేమకు రెండూ పాడవుతాయి. టేపు వేసినవీ, న్యూస్ పేపరు మీద చేసినవీ కొన్నేళ్లకు పచ్చబడతాయి, వాటి మీద ఆశ పెట్టుకోకండి. ప్రతి బొమ్మ వెనకా తేదీ వేసి, అదేమిటో పాప చెప్పిన మాట చెప్పినట్టే రాయండి. పెన్సిలుతో రాయండి, స్కెచ్ పెన్ను అయితే ఇవతలికి దిగుతుంది.