పండగ లెక్కలు రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

బడి పిల్లల కోసం నువ్వు రాసి పంపిన సంక్రాంతి సెలవుల లెక్కలు 30 కూడా పెన్సిల్ పట్టుకుని చేశాను. జవాబుల్లో తప్పుల్లేవు, వాక్యాలు కూడా తేలిగ్గా ఉన్నాయి. కానీ "ఒక్కో గాలిపటం 8 రూపాయలు, 6 గాలిపటాలకు ఎంత?" అన్నచోట గాలిపటం తీసేసి సబ్బుబిళ్ళ పెట్టినా లెక్క మారదు కదా. పండగ పేరు ఉంది, పండగ లేదు.

వాకిట్లో ముగ్గు చూడు. 7 చుక్కలు, 7 వరుసలు అని అమ్మ పెడుతుంటే 49 కళ్లముందే కనిపిస్తుంది, పిల్లాడికి ఏడో ఎక్కం బట్టీ పట్టే పని ఉండదు. నాలుగైదు తరగతుల వాళ్లకైతే అదే ముగ్గును "7 చుక్కలు, సందు చుక్క, 4 వచ్చేవరకు" అని ఇవ్వు. 6, 5, 4 చుక్కల వరుసలు పైనా కిందా రెండేసి సార్లు వస్తాయి, నడుమ 7 మాత్రం ఒక్కసారే, మొత్తం 37. చాలామంది ఆ 7ని కూడా రెట్టింపు చేసి 44 అంటారు, అప్పుడు చుక్కలు లెక్కపెట్టమంటే చాలు.

భాగహారంలో నువ్వు పంచడం ఒక్కటే రాశావు. 40 అరిసెలు 5 ఇళ్లకు పంచడం వేరు, డబ్బాకు 5 చొప్పున సర్దడం వేరు. రెండింటికీ జవాబు 8 అయినా చేతులు చేసే పని ఒకటి కాదు, పిల్లలకు రెండూ కావాలి. శేషం దగ్గర ఇంకా జాగ్రత్త. ఒకసారి నేను "50 అరిసెలు, డబ్బాకు 8, ఎన్ని డబ్బాలు?" అని రాశాను. మూడో తరగతి పాప ఒకతి 6 అని రాసి, పక్కనే రెండు అరిసెలు బొమ్మ గీసి, "ఇవి వంటింట్లోనే తినేస్తారు" అంది. ఆ పాప చెప్పింది నిజమే, పొరపాటు నా ప్రశ్నలోనే ఉంది. ఎన్ని డబ్బాలు నిండుతాయి అంటే 6, అన్నీ సర్దడానికి ఎన్ని కావాలి అంటే 7. ఏది అడుగుతున్నామో మనమే తేల్చి రాయాలి.

ఇక ఆ 972 గారెలు 9 మందికి... ఒక్కొక్కరికి 108 గారెలు ఎవరు తింటారు తమ్ముడూ? ఇలాంటివి నాలుగు చేస్తే, వచ్చిన జవాబు నిజంగా కుదురుతుందా అని ఆలోచించే అలవాటే పిల్లలకు పోతుంది. పెద్ద అంకెలు కావాలంటే బంతిపూలు తీసుకో, దండకు 45 పూలు, 12 గుమ్మాలు.

క్లాసులో రంజాన్‌కీ క్రిస్మస్‌కీ కొత్త బట్టలు వేసుకునే పిల్లలు కూడా ఉంటారు, ఇఫ్తార్ పళ్లెంలో 3 ఖర్జూరాలు, 5 కోణాల కాగితం నక్షత్రాలు, వాళ్లకీ నాలుగు లెక్కలు ఉండాలి.

ముందు గారెల లెక్క మార్చి పంపు. ముగ్గు లెక్క మాత్రం నువ్వే ఒకసారి చుక్కలు పెట్టి చూశాకే రాయి.

ప్రేమతో,
అన్నయ్య