తోట ప్రశ్నలు: రుడ్‌బెకియా ఏటా తిరిగొస్తుందా?

ప్రశ్న: నిరుడు విత్తనం వేసి పెంచిన ‘ఇండియన్ సమ్మర్’ రకం రుడ్‌బెకియా పూలమొక్క జూలై నుంచి చలి ముదిరేదాకా విరగబూసింది. ప్యాకెట్ మీద పెరెన్నియల్ (ఏళ్ల తరబడి బతికే మొక్క) అనే ఉంది. ఈ వసంతంలో చూస్తే ఆరు మొక్కల్లో రెండే చిగురించాయి. చలికి పోయాయంటారా?
– ఒక పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: చలిని అనుమానించకండి. మీది రుడ్‌బెకియా హిర్టా, అమెరికావాళ్లు ‘బ్లాక్ ఐడ్ సూజన్’ అని పిలిచే పువ్వు. అమెరికా గడ్డి మైదానాల్లో పుట్టిన మొక్క కాబట్టి మీ చలి దానికి లెక్కలోది కాదు. అసలు దాని ఆయుష్షే తక్కువ. సహజంగా మొదటి ఏడు నేలకు అంటుకుని ఆకులు వేస్తుంది, రెండో ఏడు పూసి, గింజ రాల్చి చాలావరకు ఎండిపోతుంది. తోట రకాలను విత్తిన ఏడాదే పూసేలా ఎంపిక చేశారు. బలమంతా పూతకే పోయి, మొదలు దగ్గర కొత్త పిలకలు రాని మొక్క మరుసటి ఏడు లేవదు. ప్యాకెట్ మీద పెరెన్నియల్ అని అచ్చువేయడం అబద్ధం కాదు గానీ, సగం నిజం.

ఉన్నవాటిని కూడా చంపేది ఎక్కువగా తడి. బంకమట్టిలో శీతాకాలమంతా నీరు నిలిస్తే మొదలు కుళ్లుతుంది. మల్చ్‌ను (మట్టిపై కప్పే ఆకులు, చెక్కపొట్టు లాంటివి) మొదలుకు ఆనించకుండా నాలుగు అంగుళాలు ఎడంగా వేయండి. సెప్టెంబర్‌లో పూకాడలను కిందికంటా కోసేస్తే మొదలు దగ్గర ఆకులు పుట్టే అవకాశం పెరుగుతుంది. ఒకటి రెండు మొక్కల పూలు మాత్రం కోయకుండా వదిలితే గింజలు రాలి అవే మొలుస్తాయి, కాకపోతే పూల సైజు తల్లిలా ఉంటుందన్న భరోసా లేదు. పెద్ద పూలే కావాలంటే మార్చి మొదట్లో ఏటా కొత్త విత్తనం వేసుకోవడమే మేలు.

ఏళ్ల తరబడి ఒకేచోట నిలవాలంటే రుడ్‌బెకియా ఫుల్గిడా అనే మరో జాతి పెట్టండి. అందులో ‘గోల్డ్‌స్టర్మ్’ అనే రకం 1999లో అమెరికాలో ‘పెరెన్నియల్ ప్లాంట్ ఆఫ్ ది ఇయర్’గా ఎంపికైంది. భూమిలో పాకే కాడలతో దుబ్బు కడుతుంది. మూడు నాలుగేళ్లకోసారి వసంతంలో దుబ్బు విడదీసి నాటాలి. రెండింటినీ పోల్చుకోవడం తేలికే: హిర్టా ఆకు నిండా గరుకు నూగు ఉంటుంది, ఫుల్గిడా ఆకు ముదురు పచ్చగా, దానికంటే నున్నగా ఉంటుంది.

ప్రశ్న: గోల్డ్‌స్టర్మ్ విత్తనాలు ఇంట్లో ట్రేలో చల్లి నెలయింది. నలభైలో మూడే మొలిచాయి. పారేయనా?
– నేపర్‌విల్, ఇల్లినాయ్

జవాబు: పారేయొద్దు. ఫుల్గిడా గింజకు మొలకకు ముందు తడితో కూడిన చలి కావాలి. ట్రేను తడిగానే పాలిథిన్ సంచిలో పెట్టి, ఫ్రిజ్‌లో 4–5 డిగ్రీల సెల్సియస్ దగ్గర నాలుగు వారాలు ఉంచండి. ఫ్రీజర్‌లో వద్దు. మొలిచిన మూడింటినీ ముందే వేరే కుండీలోకి మార్చండి. తర్వాత ట్రేను 21–24 డిగ్రీల వెచ్చదనంలో, వెలుతురులో పెడితే రెండు నుంచి నాలుగు వారాల్లో మిగతావి తేలతాయి. ఇంకో పద్ధతి: జనవరిలో గాలన్ పాల డబ్బాను నడుముకు కోసి, అడుగున రంధ్రాలు చేసి, మట్టి నింపి విత్తి, పై సగాన్ని తిరిగి మూసి, డబ్బా మూత మాత్రం తీసి ఆరుబయట వదిలేయడం. ఫ్రిజ్ పని వాతావరణమే చేసిపెడుతుంది.

హిర్టాకు ఈ తతంగం అక్కర్లేదు, 21 డిగ్రీల్లో వారం నుంచి రెండు వారాల్లో మొలుస్తుంది. రెండు రకాలకూ గింజను లోతుగా పూడ్చకూడదు. తడి మట్టి మీద చల్లి, వేలితో అదిమి, పైన వర్మిక్యులైట్ (తడి పట్టి ఉంచే తేలికైన ఖనిజపు పొరలు) పలచగా దులిపితే చాలు. మొలకలు మట్టి దగ్గర నల్లబడి ఒరిగిపోతుంటే అది నారుకుళ్లు. అడుగునుంచి నీళ్లివ్వండి, మూత తీసేయండి, చిన్న ఫ్యాన్ తిప్పండి.

ఇంకో మాట. విత్తనంతో పెంచిన గోల్డ్‌స్టర్మ్ మొక్కలు ఎత్తులోనూ పూతలోనూ ఒక్కలా రావు. ఎవరి తోటలోనైనా దుబ్బు ఉంటే ఓ పిలక అడిగి తెచ్చుకోవడం ఉత్తమం.

ప్రశ్న: గోల్డ్‌స్టర్మ్ కింది ఆకుల మీద నల్లమచ్చలు వచ్చి పైకి పాకుతున్నాయి.
– ఒక పాఠకుడు, మేరీల్యాండ్

జవాబు: ఇది సెప్టోరియా ఆకుమచ్చ అనే శిలీంద్ర తెగులు. గోల్డ్‌స్టర్మ్‌కు మామూలే, మొక్క చావదు. మచ్చల ఆకులు తీసేయండి, నీళ్లు ఆకుల మీద కాక మొదలు దగ్గర పోయండి, మొక్కల మధ్య అడుగున్నర ఎడం ఉంచండి. చలికాలంలో ఎండిన చెత్తను అక్కడే వదిలితే శిలీంద్రం అందులోనే నిలిచి మళ్లీ అంటుకుంటుంది.

ప్రశ్న: అక్టోబర్‌లో కుండీల్లో వేసిన రుడ్‌బెకియాకు ఆకులు తప్ప మొగ్గ లేదు.
– హైదరాబాద్

జవాబు: ఎరువు లోపం కాదు. ఇది పగలు పొడవుగా ఉంటేనే పూకాడ లేపే మొక్క. జూన్‌లో న్యూజెర్సీలో పగలు దాదాపు 15 గంటలు, హైదరాబాద్‌లో 13 గంటలు దాటి కాస్త. డిసెంబర్‌లో హైదరాబాద్‌లో 11 గంటలే. అందుకే ఆకులతో నేలకు అతుక్కుని కూర్చుంది. ఆకులు పది పన్నెండు వచ్చాక రాత్రి 10 నుంచి 2 దాకా కుండీల మీద ఎల్ఈడీ బల్బు వెలిగించి చూడండి, నాలుగైదు వారాలు ఆపకుండా. నత్రజని ఎరువు మాత్రం పెంచొద్దు, ఆకే పెరుగుతుంది. వానాకాలంలో మొదలు కుళ్లే ముప్పు ఎక్కువ కనుక అక్కడ దీన్ని ఒక్క ఏడాది మొక్కగానే లెక్కేసుకోండి. ఇంత శ్రమ వద్దనుకుంటే గైలార్డియా వేయండి. అదే కుటుంబం, ఎండకు ఓర్చుకుంటుంది, రాత్రి దీపం అడగదు.