ఆడి టీటీ అప్‌గ్రేడ్ కోసం ఎఫ్‌డీ బ్రేక్ చేయొచ్చా?

ప్రశ్న: నాకు 33 ఏళ్లు, మర్చంట్ నేవీలో సెకండ్ ఇంజనీర్‌ని, బల్క్ క్యారియర్ మీద. షిప్‌లో ఉన్న ఆరు నెలలూ నెలకు సుమారు 5 లక్షలు వస్తాయి, ఒడ్డున ఉన్నప్పుడు జీతం ఉండదు. విశాఖ సాగర్ నగర్‌లో అమ్మానాన్నలతో ఉంటాను. ఇంటి ఖర్చు 70 వేలు, మధురవాడ ఫ్లాట్ ఈఎంఐ 48 వేలు, ఎస్ఐపీలు 40 వేలు. వచ్చే ఏడాది చెల్లి పెళ్లికి 8 లక్షలు ఇస్తానని మాటిచ్చాను. రెండు నెలల క్రితం బెంగళూరులో 2016 మోడల్ ఆడి టీటీ కొన్నాను. రోడ్డు మీదా, ఏడాదికి రెండుసార్లు చెన్నై ట్రాక్ మీదా నడపాలని ఉంది. అప్‌గ్రేడ్లకు 7,20,000 కొటేషన్ వచ్చింది. 9 నెలల క్రితం వేసిన 10 లక్షల ఎన్నార్ఈ ఎఫ్‌డీ (ఎన్నార్ఐలు విదేశీ సంపాదనతో ఇక్కడ వేసే డిపాజిట్) ఉంది. అది బ్రేక్ చేయనా, దాని మీద లోన్ తీసుకోనా? నాన్న అయితే కారే అమ్మేయమంటున్నారు. వచ్చే నెల జాయినింగ్. ఆ కాంట్రాక్ట్ అయ్యాక చీఫ్ ఇంజనీర్ అవ్వడానికి కావాల్సిన క్లాస్ వన్ పరీక్ష రాద్దామనుకుంటున్నాను.

జవాబు: కారు అమ్మక్కర్లేదు. ఎఫ్‌డీ మాత్రం ముట్టుకోకండి, దాని మీద లోన్ కూడా వద్దు. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగవుతుంది గానీ ఓపిగ్గా చదవండి.

ముందు ఎఫ్‌డీ సంగతి. ఎన్నార్ఈ డిపాజిట్‌కి కనీస గడువు ఏడాది, ఏడాది నిండకుండా తీసేస్తే వడ్డీ ఒక్క రూపాయి కూడా రాదు. మామూలు ఎఫ్‌డీలాగా కొంచెం పెనాల్టీ కట్ చేసి మిగతాది ఇవ్వరు. అంటే ఇంకో మూడు నెలలు ఆగితే చేతికొచ్చే ఏడాది వడ్డీని, అదీ ఇక్కడ పన్ను లేని వడ్డీని, ఊరికే వదులుకున్నట్టు.

అసలు సమస్య వడ్డీ కాదు. మీరు మెయిల్ చివర్లో ఒక్క లైనులో రాసి వదిలేశారు, క్లాస్ వన్ పరీక్ష అని. నాకు మీ మెయిల్ మొత్తంలో అదే ముఖ్యమైన లైను. ఇంటి ఖర్చు, ఈఎంఐ కలిపి నెలకు 1,18,000. మామూలుగా ఐదు నెలలు ఒడ్డున ఉంటారు అనుకుంటే 5,90,000 చాలు, ఎఫ్‌డీలో ఇంకా మిగులుతుంది కదా అని మీ ధైర్యం. కానీ పరీక్షకి కూర్చుంటే కోచింగు, రాతపరీక్షలు, ఓరల్స్, ఒక పేపరు ఆగిపోతే మళ్లీ రాయడం, ఆ తర్వాత కంపెనీ షిప్ ఇచ్చేదాకా ఎదురుచూపు. పది నెలలు అనుకోండి. 11,80,000. మీ దగ్గర ఉన్న 10 లక్షలే చాలవు, అందులోంచి 7 లక్షలు కారుకి పోతే మిగిలే మూడు లక్షలు రెండున్నర నెలలకి వస్తాయి. మూడో నెల నుంచి ఈఎంఐ టెన్షన్‌తో ఓరల్స్‌కి కూర్చోవడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. వైజాగ్‌లో షిప్పుల మీద పనిచేసే కుటుంబాలు నా దగ్గరికి చాలామంది వస్తారు, జీతం ఎంత పెద్దదైనా వాళ్లని ఇబ్బంది పెట్టేది ఎప్పుడూ ఈ ఖాళీ నెలలే.

ఎఫ్‌డీ మీద లోన్ తీసుకుంటే వడ్డీ పోదు కదా అంటారు. నిజమే, కానీ లోన్ తీరేదాకా బ్యాంకు ఆ డబ్బుని పట్టుకుని ఉంటుంది. సరిగ్గా మీకు అవసరమైన రోజున అది మీది కాదు.

ఇప్పుడు మీరు పంపిన కొటేషన్. దాన్ని నాలుగైదుసార్లు చదివాను. ఇంజన్ రీమ్యాప్ (పవర్ పెంచేలా ఇంజన్ కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్చడం), డౌన్‌పైపు, ఎగ్జాస్ట్ కలిపి 2,30,000. పెద్ద బ్రేకు కిట్ 2,20,000. కాయిల్ ఓవర్లు, అంటే కారు ఎత్తు తగ్గించుకోగలిగే సస్పెన్షన్, 1,50,000. రెండో సెట్ అలాయ్ వీల్స్ 1,20,000. ఇంత రాశారు, టైర్లు ఎక్కడా లేవు. బ్రేక్ ఫ్లూయిడ్ లేదు. మీ ఫోటోల్లో ఒకదాంట్లో టైరు పక్కన ఉన్న అంకెలు జూమ్ చేసి చూశాను, 2319 అని ఉంది. 2019లో 23వ వారం తయారైందని దానర్థం. గాడి లోతు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, కానీ రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది. ఆ టైర్ల మీద 2 లక్షల రీమ్యాప్ పెట్టి ట్రాక్ మీదికి వెళ్తే పెరిగిన పవర్ అంతా జారడానికే పనికొస్తుంది.

బ్రేకుల గురించి నాకు ఒక దృశ్యం బాగా గుర్తు. రెండేళ్ల క్రితం ఒక క్లయింటు బలవంతం చేస్తే చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న ట్రాక్‌కి వెళ్లాను, మన నుంచి ఎన్‌హెచ్ 16 మీద సుమారు 800 కిలోమీటర్లు. 1990 నుంచి ఉన్న ట్రాక్, 3.7 కిలోమీటర్ల ల్యాపు. పిట్ దగ్గర నిలబడి చూస్తుంటే ఒకతను నాలుగో ల్యాపులోనే లోపలికి వచ్చేశాడు. చక్రాల దగ్గర కాలిన వాసన, డోరు తీసి నిలబడ్డాడు గానీ కాళ్లు వణుకుతున్నాయి. పెడల్ నేలదాకా దిగిపోయిందట. కారులో పెద్ద లోపమేమీ లేదు, పాత బ్రేక్ ఫ్లూయిడ్ అంతే. ఆ ద్రవం గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం, తేమ పట్టాక ఆ కనీసం 155కి పడిపోతుంది. మరిగితే పైపుల్లో ఆవిరి బుడగలు, తొక్కితే బుడగలు నలుగుతాయి గానీ బ్రేకు పడదు. సాగర్ నగర్ గాలిలో తేమ గురించి మీకు నేను చెప్పాలా? మంచి ఫ్లూయిడ్ కొన్ని వేలల్లో అయిపోతుంది, ట్రాక్ రోజుకి ముందు ప్రతిసారీ మార్చినా భారం కాదు. దానికి తోడు ట్రాక్ వేడిని తట్టుకునే ప్యాడ్లు. ఈ రెండూ చేశాక కూడా బ్రేకు చాలట్లేదని మీకే అనిపిస్తే అప్పుడు 2,20,000 కిట్ గురించి మాట్లాడదాం. మొదటి ఏడాది అనిపించదని నా నమ్మకం.

రీమ్యాప్‌కి మాత్రం నేను గట్టిగా అడ్డుపడతాను, డబ్బు ఒక్కటే కారణం కాదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌ని మన ఇష్టానికి మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఆ ఏడాది చట్ట సవరణలో ఒక్కో మార్పుకి 5 వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని పెట్టారు. జరిమానా కంటే నాకు భయం ఇన్సూరెన్సు. చెప్పకుండా మార్పులు చేసిన కారుకి రేపు బీచ్ రోడ్డులో ఏదైనా అయితే క్లెయిమ్ తిరస్కరించడానికి కంపెనీకి మనమే కారణం చేతికిచ్చినట్టు. కాయిల్ ఓవర్లతో కారు కిందికి దించినా ఇదే గొడవ, పైగా మన స్పీడ్ బ్రేకర్లు, అరకు ఘాట్ రోడ్డు.

ఇన్సూరెన్సు అన్నాను కాబట్టి, పాలసీ కాపీ చూసి నాకు గుండె ఆగినంత పనైంది. అందులో ఇంకా బెంగళూరు ఓనరు పేరే ఉంది! కారు చేతులు మారిన 14 రోజుల్లోపు పాలసీ మీ పేరుకి మార్పించుకోవాలి. మార్చకపోతే ఎదుటివాళ్లకి జరిగిన నష్టానికి కవరు ఉంటుంది గానీ మీ కారుకి జరిగిన నష్టానికి కంపెనీ పైసా ఇవ్వకపోవచ్చు. రెండు నెలలుగా మీరు ఆ కారుని దాదాపు ఇన్సూరెన్సు లేకుండానే నడుపుతున్నారు, తమ్ముడూ. రేపే ఆ పని చూడండి, కుదరకపోతే మీ పేరు మీద కొత్త పాలసీయే తీసుకోండి. తీసుకునేటప్పుడు నీళ్లు వెళ్లి ఇంజన్ పాడైతే ఇచ్చే ఇంజన్ ప్రొటెక్ట్ కవరు అడగండి. మన ఊరికి తుపాన్లు కొత్త కాదు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన మర్నాడు మా వీధిలో చెట్ల కింద నలిగిన కార్లు నేను కళ్లారా చూశాను.

ఎంత మంచి పాలసీ అయినా ట్రాక్ మీద పనికిరాదు. రేసింగు, స్పీడ్ టెస్టింగు లాంటి వాడకానికి కవరు ఉండదని మోటారు పాలసీలోనే రాసి ఉంటుంది. అక్కడ గోడకి తగిలితే మొత్తం మీ జేబులోంచే. పర్సనల్ యాక్సిడెంట్ పాలసీల్లోనూ రేసింగు మినహాయింపే సాధారణం. ఇకముందు టర్మ్ పాలసీ ఏది తీసుకున్నా ప్రమాదకరమైన హాబీలు ఉన్నాయా అనే చోట ట్రాక్ సంగతి దాచకుండా రాయండి, ప్రీమియం కొంచెం పెరిగినా ఫర్వాలేదు.

కేఏ నంబరు కూడా తేల్చాలి. వేరే రాష్ట్రం బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే ఇక్కడి రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఏపీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. కర్ణాటకలో కట్టిన ట్యాక్స్‌లో మిగిలిన కాలానికి రీఫండ్ అడగొచ్చు, దానికి తిరగాలి గానీ వదలకండి. షిప్ ఎక్కితే మీకు ఆరు నెలలు పోతాయి, అందుకని ఓనరు పేరు మార్పు, ఎన్‌ఓసీ కాగితాలు ఈ నెలలోనే మొదలుపెట్టండి.

మరి కారుకి డబ్బు ఎక్కడిది? ఏడాది ఖర్చు లెక్క వేశాను, మీరు రాసిన ధరలతోనే. ఇన్సూరెన్సు 60 వేలు, సర్వీసు 40 వేలు, పెట్రోలు 40 వేలు. టైర్ల సెట్ లక్ష అనుకుంటే ట్రాక్ వాడకంతో రెండేళ్లకే అయిపోతాయి, ఏడాదికి 50 వేలు. ప్యాడ్లు, డిస్కులు, ఫ్లూయిడ్ 60 వేలు. గేర్‌బాక్స్ ఆయిలు, వెనక చక్రాలకి పవర్ పంపే హాల్డెక్స్ యూనిట్ ఆయిలు కొన్నేళ్లకోసారి వస్తాయి, ఏడాదికి 10 వేలు పక్కన పెట్టాలి. రెండు ట్రాక్ రోజులకి ఫీజు, ప్రయాణం, రూము 90 వేలు. ఇవన్నీ కలిపితే మూడున్నర లక్షలు. దీనికి ఇంకో లక్ష, అనుకోని రిపేర్లకి. ఈ ఇంజన్లలో వాటర్ పంపు, థర్మోస్టాట్ హౌసింగ్ ప్లాస్టిక్‌వి, వయసు మీదపడితే కూలెంట్ కారడం మామూలే, ట్రాక్ వేడికి ఇంకా తొందరగా. మొత్తం 4,50,000. షిప్‌లో ఉన్న ఆరు నెలలూ నెలకు 75 వేలు విడిగా ఒక అకౌంట్‌లో వేస్తే సరిగ్గా సరిపోతుంది. కారుకి సంబంధించిన ప్రతి రూపాయీ ఆ అకౌంట్ నుంచే పోవాలి. అందులో లేకపోతే ఆ పని ఆగాలి.

వచ్చే కాంట్రాక్ట్‌లో 30 లక్షలు వస్తాయి. ఆరు నెలల ఇంటి ఖర్చూ ఈఎంఐ 7,08,000, కారు 4,50,000, చెల్లి పెళ్లి 8 లక్షలు, ఏడాది మొత్తానికి ఎస్ఐపీలు 4,80,000. ఎఫ్‌డీ పక్కన ఇంకో 4 లక్షలు కొత్తగా వేయండి, అప్పుడు ఒడ్డున దాదాపు 12 నెలలు నిశ్చింతగా ఉండొచ్చు. ఇవన్నీ పోగా చేతిలో మిగిలేది 1,62,000. పరీక్ష ఫీజులు, కోచింగు అందులో సర్దుకోవాలి. చూశారా, 7,20,000కి ఇందులో చోటు ఎక్కడుంది? చీఫ్ ఇంజనీర్ అయ్యాక లెక్క వేరు, కాయిల్ ఓవర్ల సంగతి అప్పుడు చూద్దాం. ఇంకోటి, పరీక్ష కోసం ఒక ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఇండియాలోనే ఉండిపోతే ఆ ఏడాది ఎన్నార్ఐ హోదా పోయే అవకాశం ఉంది, ఆ సంవత్సరం సంపాదన మీద పన్ను పడొచ్చు. సీడీసీలో (మీ షిప్ సర్వీసు నమోదయ్యే పుస్తకం) స్టాంపుల తేదీలు పట్టుకుని జాయినింగ్‌కి ముందే చార్టర్డ్ అకౌంటెంట్‌ని కలవండి.

టైర్లు ఇప్పుడు కొనకండి. ఆరు నెలలు ఎక్కువగా ఇంటి దగ్గరే నిలబడి ఉండే కారుకి కొత్త టైర్లు దండగ. తిరిగొచ్చాక కొని, ఫ్లూయిడూ ప్యాడ్లూ మార్చి, అలైన్‌మెంట్ చేయించి ట్రాక్‌కి వెళ్లండి. మొదటి రోజు పక్క సీట్లో ట్రైనర్‌ని కూర్చోబెట్టుకోండి, ఆ ఫీజు కారు అకౌంట్‌లోంచే ఇవ్వండి. మీ లాప్ టైము తగ్గించడానికి ఇంతకంటే చవకైన దారి నాకు తెలీదు. చదువు మొదలయ్యాక మాత్రం రెండో ట్రాక్ రోజు వదిలేయండి, ఆ 45 వేలు అకౌంట్‌లోనే ఉండనివ్వండి.

ఇంక మీరు లేని ఆరు నెలలు. సముద్రానికి అంత దగ్గర్లో మూడు వారాలు కదలని కారు డిస్కుల మీద నారింజ రంగు తుప్పు నేను వేలితో గీకి చూశాను, పొడి రాలింది. అడుగు భాగం మంచినీళ్లతో కడిగించి ఆరబెట్టి పెట్టండి, టైర్లలో గాలి కాస్త ఎక్కువ కొట్టించండి, బ్యాటరీకి ట్రికిల్ ఛార్జరు తగిలించండి, వైర్లు కొరికే ఎలుకలకి ఏదో ఒకటి చూడండి. పాలసీ మీ పేరుకి మారాక తాళం నాన్నగారికే ఇవ్వండి. పది రోజులకోసారి భీమిలి వైపు అరగంట నడిపి తెమ్మనండి, వచ్చాక ఒకసారి మంచినీళ్లతో కడగమనండి. ఆ 4,50,000 లెక్క కాగితం కూడా ఆయన చేతికే ఇచ్చి వెళ్లండి, నెలనెలా 75 వేలు పడుతున్నాయో లేదో ఆయనే చూసుకుంటారు.