కంప్రెసర్ నీళ్ల గురించి మా అమ్మలుకి

అమ్మలూ,

ప్లాంటులో ఎయిర్ కంప్రెసర్ల బాధ్యత నీకిచ్చారనీ, కూలింగ్ నీళ్లలో కలిపే కెమికల్ ఏదో నువ్వే తేల్చబోతున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత గర్వపడ్డానో చెప్పలేను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు నీళ్లు తిరిగే సర్క్యూట్ ఏ రకమో చూసుకో. కూలింగ్ టవర్ మీదుగా తిరిగే నీళ్లయితే, ఆవిరైపోయే కొద్దీ లవణాలు చిక్కబడతాయి. గార కట్టకుండా ఫాస్ఫోనేట్ లాంటిది, పాకుడు పట్టకుండా బయోసైడ్, చిక్కబడ్డ నీళ్లు కొంత బయటికి వదిలే బ్లోడౌన్ క్రమం తప్పకుండా కావాలి. అందులో, నీళ్లు గడ్డకట్టకుండా వాడే గ్లైకాల్ పోస్తే బూడిదలో పోసిన పన్నీరే. అవే నీళ్లు బయటికి పోకుండా లోపలే తిరిగే క్లోజ్డ్ సర్క్యూట్ అయితే, తుప్పు పట్టకుండా నైట్రైట్ గానీ మాలిబ్డేట్ గానీ వాడతారు. కూలర్ ట్యూబులు రాగివో ఇత్తడివో అయితే తోడుగా రాగిని కాపాడే ఏజోల్ ఉండాలి. నీళ్లు గడ్డకట్టే చలి ఉంటేనే గ్లైకాల్ జోలికి వెళ్లు. అదీ తుప్పు ఆపే మందు కలిసిన ఇండస్ట్రియల్ రకమే, 30 శాతానికి తగ్గకుండా. మరీ పలచనైతే బ్యాక్టీరియాకి ఆహారమవుతుంది, చిక్కనైతే నీళ్లు వేడిని సరిగా మోయలేవు.

ఇక నన్ను భయపెట్టే సంగతి. నేను పనిచేసిన ఒక చోట గాలిని రెండు విడతల్లో నొక్కే, అంటే రెండు స్టేజీల, పిస్టన్ కంప్రెసర్ ఉండేది. క్లోజ్డ్ సర్క్యూట్, నైట్రైట్ మందు. ఒక రాత్రి పంపు సీల్ కారి ట్యాంకులో మట్టం పడిపోయింది. స్టోర్‌లో మందు లేదు. షిఫ్టులో ఉన్నాయన వాహనాల షెడ్డు నుంచి కారు కూలెంట్ తెచ్చి పోశాడు, మిగతాది కుళాయి నీళ్లతో నింపాడు. ఆ కూలెంట్‌లో అల్యూమినియం ఇంజన్లను కాపాడటానికి వేసిన సిలికేట్ ఉంది. మా మెషీన్ నీటి దారిలో అల్యూమినియమే లేదు. ఆ సిలికేట్ మెల్లగా జిగురుగా మారి, రెండు స్టేజీల మధ్య గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ట్యూబులకు పట్టింది.

కొన్ని వారాలు ఎవరికీ తెలియలేదు. ట్యూబుకి పొర పట్టినప్పుడు గాలిలోని వేడి నీళ్లలోకి దిగదు, కాబట్టి బయటికొచ్చే నీళ్లు చల్లగానే ఉంటాయి. లాగ్‌బుక్‌లో నీళ్ల టెంపరేచర్ చూసి అంతా బాగుందనుకున్నారు. అటు గాలి వేడిగానే రెండో స్టేజీలోకి వెళ్లింది, ఇంకా వేడెక్కి బయటికొచ్చింది. వేడి మీరితే మెషీన్ ఆపే హై టెంపరేచర్ ట్రిప్ మాటిమాటికీ ఆపేస్తోందని ఎవరో అది పనిచెయ్యకుండా జంపర్ వైరు పెట్టేశారు. ఆ వేడికి ఆయిల్ మాడి డిశ్చార్జ్ పైపులో కార్బన్‌గా పేరుకుంది, ఒకరోజు అంటుకుంది. పైపు ఎర్రగా కాలడం నా కళ్లతో చూశాను. దగ్గరలో ఉన్న హెల్పర్ కుర్రాడి చెయ్యి మోచేతి దాకా కాలింది. బతికాడు. మళ్లీ ఆ గదిలోకి మాత్రం అడుగు పెట్టలేదు.

అందుకని ఏ మందు కొన్నా, టాప్-అప్‌కి అదే మందు, అదే పాళ్లలో కలిపి, స్టోర్‌లో ముందే ఉంచు. మందు మార్చాలంటే పాతది పూర్తిగా డ్రెయిన్ చేసి, ఫ్లష్ చేశాకే కొత్తది. ప్రతి షిఫ్టులో రెండు స్టేజీల డిశ్చార్జ్ టెంపరేచర్, ఇంటర్‌కూలర్ నుంచి వచ్చే గాలి టెంపరేచర్ రాయించు. నైట్రైట్ పడిపోతూ, నీళ్లలో కరిగిన లవణాలెన్నో చెప్పే కండక్టివిటీ అలాగే ఉంటే బ్యాక్టీరియా తింటోందని అనుమానించు. రెండూ పడిపోతే ఎక్కడో కారి కొత్త నీళ్లు చేరుతున్నాయి. బ్యాక్టీరియా అని కంగారుపడి క్లోరిన్ పోసేవు, అది నైట్రైట్‌నే పాడుచేస్తుంది.

సేల్స్ అతను "ఇది అన్నిటికీ పనికొస్తుంది మేడమ్" అన్నాడనీ, నువ్వు సరే అనేలా ఉన్నావనీ మీ అమ్మ చెప్పింది. అలా అన్నవాణ్ని ఎలా నమ్మావే? నీ మెషీన్‌లో ఏ లోహాలున్నాయో, నీళ్లెలాంటివో అడగకుండా మందు చెప్పేవాడి దగ్గర కొనకు. తయారీదారు మాన్యువల్‌లో నీళ్ల పరిమితులు రాసి ఉంటాయి, అవి అతని ముందు పెట్టి రాతపూర్వకంగా జవాబు తీసుకో.

కోప్పడ్డానని చిన్నబుచ్చుకోకు. చిన్నప్పుడు నా స్పానర్లన్నీ సైజుల వారీగా సర్దిపెట్టేదానివి, ఒక్కటి అటూ ఇటూ అయినా ఊరుకునేదానివి కాదు. ఈ పనికి ఆ బుద్ధే కావాలి. డ్రమ్ము విప్పేటప్పుడు గ్లోవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. బయోసైడ్ కళ్లలో పడితే చాలా ప్రమాదం.

నీళ్ల రిపోర్టు రాగానే నాకు పంపు. కాఠిన్యం, క్లోరైడ్, సిలికా అంకెలు చూసి ఫోన్ చేస్తాను. ఈలోగా ఇవాళే ప్యానెల్ తెరిపించి, ట్రిప్‌కి ఎవరైనా జంపర్ పెట్టారేమో నువ్వే దగ్గరుండి చూడు.

ఆశీస్సులతో,
మామయ్య