తిట్లు తినే ఉద్యోగంలో చేరాలా?

ప్రశ్న: ఎంబీఏ మార్కెటింగ్ చివరి సెమిస్టర్‌లో ఉన్నాను. ఇళ్లు కట్టి అమ్మే కంపెనీలో కస్టమర్ రిలేషన్స్ ఉద్యోగం వచ్చింది. సేల్స్‌లో అయితే ఇన్సెంటివ్‌లు ఉంటాయి, ఇది రోజంతా తిట్లు తినే పని అని సీనియర్లు భయపెడుతున్నారు. చేరమంటారా?

- ఒక విద్యార్థిని

జవాబు: మీ సీనియర్లు చెప్పింది అబద్ధమేమీ కాదు. తిట్లు ఉంటాయి. అయినా నేను చేరమనే అంటాను, కాకపోతే ముందు రెండు విషయాలు కనుక్కోండి.

ఇల్లు కొనేవాళ్లు చాలాసార్లు డబ్బు ముందు కడతారు, ఇల్లు చూసేది ఏళ్ల తర్వాత. అందాకా వాళ్లకు మిగిలేది బ్రోచర్‌లో బొమ్మ, మోడల్ ఫ్లాట్ జ్ఞాపకం, అంతే. ఆశించినదానికీ చేతికి వచ్చినదానికీ మధ్య తేడాను బట్టే తృప్తి ఉంటుందని రిచర్డ్ ఆలివర్ 1980లో రాసిన సిద్ధాంతం మీ సిలబస్‌లో చదివే ఉంటారు. దాన్ని కళ్లారా చూడాలంటే ఇంతకన్నా మంచి చోటు లేదు. సేల్స్ వాళ్లు పెంచిన ఆశకు చివర్లో లెక్క చెప్పేది మీ విభాగమే. పని ఆలస్యమైందని మీరే ముందు ఫోన్ చేసి చెబితే కస్టమర్లు విసుక్కుంటారు. వాళ్లంతట వాళ్లు కనుక్కోవాల్సి వస్తే మాత్రం ఇక మీ మాట ఒక్కటీ నమ్మరు.

ఇక హ్యాండోవర్, అంటే ఇల్లు అప్పగించే రోజు. తెలిసిన కస్టమర్ అయితే బాత్రూంలో బకెట్ నీళ్లు కుమ్మరించి, అవి జాలీ వైపు పోతున్నాయా, మూలన నిలబడుతున్నాయా అని చూస్తాడు. నాణెంతో టైల్స్ మీద కొట్టి డొల్ల శబ్దం వస్తోందేమో వింటాడు. కనిపించిన లోపాలన్నీ రాసుకుంటే అదే స్నాగ్ లిస్ట్. అది మీ చేతిలో పెడతాడు. మీరు సైట్ ఇంజనీర్‌కి పంపుతారు, ఆయన కాంట్రాక్టర్‌కి చెబుతాడు, కాంట్రాక్టర్ మనుషులు అప్పటికే ఇంకో బ్లాక్‌కి వెళ్లిపోయి ఉంటారు. తిట్లు మొదలయ్యేది ఇక్కడే.

కాబట్టి ఇంటర్వ్యూ చేసినవాళ్లను మొదట అడగాల్సింది: స్నాగ్ పూర్తికాకపోతే కాంట్రాక్టర్ బిల్లు ఆపమని చెప్పే అధికారం మీ విభాగానికి ఉందా? లేకపోతే మీరు ఉత్త పోస్ట్‌మ్యానే.

రెండోది, కస్టమర్ తృప్తిని ఎప్పుడు కొలుస్తారు? తాళాలిచ్చిన రోజే ఫారం నింపిస్తే మార్కులు బాగానే పడతాయి. వర్షం ఇంకా పడలేదు, పైఇంటి వాళ్లు ఇంకా నీళ్లు వాడలేదు కదా! బ్రిటన్‌లో ఇళ్లు కట్టే కంపెనీల సంఘమైన హోమ్ బిల్డర్స్ ఫెడరేషన్ సర్వే ఇల్లు అప్పగించిన 8 వారాలకు వెళుతుంది. మీ బిల్డర్‌ను స్నేహితులకు సిఫారసు చేస్తారా అన్నది అందులో కీలకమైన ప్రశ్న. 90 శాతం మంది అవునంటేనే ఆ బిల్డర్‌కు 5 స్టార్లు. తొమ్మిది నెలలకు ఇంకో సర్వే కూడా ఉంది. మీ కంపెనీ నెట్ ప్రమోటర్ స్కోర్ (మమ్మల్ని ఎంతవరకు సిఫారసు చేస్తారో 0 నుంచి 10 మధ్య మార్కులు వేయించే పద్ధతి) వాడుతుంటే 9, 10 ఇచ్చినవాళ్ల శాతంలోంచి 0 నుంచి 6 ఇచ్చినవాళ్ల శాతం తీసేస్తారు. 7, 8 ఇచ్చినవాళ్లు ఏ వైపూ లెక్కలోకి రారు. అందుకే కొన్నిచోట్ల స్టాఫ్ "పది వేయండి సార్" అని బతిమాలుతుంటారు. ఆ అంకెతో బోనస్ ముడిపడితే ఇంకా ఎక్కువ. అలాంటి చోట నేర్చుకునేది తక్కువ.

జీతం సంగతి: మొదట్లో సేల్స్ వాళ్లే ఎక్కువ సంపాదిస్తారు, అందులో అనుమానం లేదు. కానీ డ్రాయింగ్ చదవడం, లీకేజీకీ చెమ్మకూ తేడా పట్టడం, అగ్రిమెంట్‌లో ఏ క్లాజ్ ఎక్కడుందో చెప్పడం రెండేళ్లలో వచ్చేస్తే ప్రాజెక్ట్ హ్యాండోవర్, ఫెసిలిటీ మేనేజ్‌మెంట్ (కట్టిన భవనాల నిర్వహణ) వైపు దారులుంటాయి. ఆఫీసు టెన్షన్ ఇంటికి మోసుకెళ్లి నిద్ర పాడుచేసుకునే స్వభావమైతే మాత్రం మళ్లీ ఆలోచించండి.

ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందు, వాళ్లు అప్పగించిన ఏదైనా పాత ప్రాజెక్టుకు ఓ సాయంత్రం వెళ్లిరండి. మూడు నెలల కిందట తాళాలు తీసుకున్నవాళ్లు ఎవరైనా కనిపిస్తే, స్నాగ్ లిస్ట్‌లో ఇంకా ఎన్ని మిగిలాయో అడగండి.