పెంకులు సర్దించాలా, కప్పే మార్చాలా?

ప్రశ్న: అయ్యా, మాది పర్లాకిమిడి. రిటైర్డ్ టీచర్ని, 66 ఏళ్లు, పెన్షన్ 31 వేలు. నాన్నగారు కట్టిన 600 చదరపు అడుగుల పెంకుటిల్లు, మట్టి అడుసుతో కట్టిన ఇటుక గోడలు. కప్పు బాగుకు మొదటి ఏడు 14 వేలు, తర్వాత 18, నిరుడు 22 వేలు అయ్యాయి. ఈసారి 40 వేలు అడుగుతున్నారు, అదీ ఒక్క వానాకాలానికే పూచీ. ఇనుప ఫ్రేమ్ మీద రేకులైతే 2.4 లక్షలు, స్లాబ్ అయితే 9 లక్షలట. ఏడు శాతం వడ్డీకి రెండు డిపాజిట్లు, మొత్తం 5 లక్షలు ఉన్నాయి. అందులో 2.5 లక్షలది ఫిబ్రవరిలో మెచ్యూర్ అవుతుంది. అబ్బాయి స్లాబే వేయించమంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మాస్టారూ, ఇన్నాళ్లూ బాగు చేయించుకుంటూ రావడం తప్పేం కాదు. రేకులు 20 ఏళ్లు ఆగుతాయనుకుంటే ఏడాదికి 12 వేలు పడుతుంది. చాలామంది లెక్క ఇక్కడితో ఆపేస్తారు. కానీ ఆ 2.4 లక్షలు బ్యాంకులోనే ఉంటే ఏడాదికి 16,800 వడ్డీ వచ్చేది కదా, అదీ కలపాలి. మొత్తం 28,800. నిరుటి 22 వేలు దానికంటే తక్కువే, కాబట్టి నిరుడు బాగు చేయించడమే లాభం. ఈసారి 40 వేలు పెట్టినా ఒక్క వానాకాలమే అంటున్నారు కనుక, ఇక మార్చడమే మేలు.

అయితే ఒక పరీక్ష చేశాకే. దూలం చివర గోడలో కూర్చున్న చోట ఒక స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడండి. వాన నీరు దిగి ముందు పుచ్చేది అక్కడే. మొన దిగకపోతే, నడికొప్పు (రెండు వాలులూ పైన కలిసే చోటు) వంగకపోతే, కారేది ఒకే మూల అయితే, ఆ మూల వరకు పెంకులు, వాసాలు మార్పించుకుంటే సరిపోతుంది. అప్పుడు 40 వేలెందుకో మేస్త్రిని నిలదీయండి. మొన మెత్తగా దిగితే మాత్రం పైన ఎన్ని పెంకులు సర్దినా డబ్బు దండగ.

ఇక స్లాబ్. అడుసు గోడల మీద స్లాబ్ బరువు వేయకూడదు. కింద నుంచి పిల్లర్లు లేపాలి, ఆ 9 లక్షల్లో అవి ఉన్నాయో లేదో రాతపూర్వకంగా అడగండి. ఉన్నా నేను వద్దనే అంటాను. డిపాజిట్లు ఖాళీ చేసి, పైన 4 లక్షలు పది శాతం వడ్డీకి పదేళ్లకు తీసుకుంటే నెలకు 5,300 చొప్పున ఈఎంఐ. 76 ఏళ్లు వచ్చేదాకా మీకీ టెన్షన్ ఎందుకు? బాబుకు మేడ కావాలంటే లోన్ తన పేరున తీసుకోమనండి, తప్పేముంది.

రేకులతో ఒక చిక్కు ఉంది: వేసవిలో ఇల్లు పెనంలా కాలుతుంది, సీలింగ్ ఖర్చు వేరే రాసుకోండి. తుఫాను సంగతి మీకు చెప్పాలా? 2018 అక్టోబరులో తిత్లీ మీ గజపతి జిల్లాను ఎలా ఊపేసిందో చూసే ఉంటారు. గాలి రేకును లేపేది చూరు దగ్గర, అంచుల్లో, నడికొప్పు దగ్గర. అక్కడ స్క్రూలు దగ్గరదగ్గరగా పడాలి, చూరు బయటికి మరీ సాగకూడదు. బిల్లు తగ్గించుకోవాలని కాంట్రాక్టర్లు కోత పెట్టేది సరిగ్గా ఈ స్క్రూల దగ్గరే. పని జరిగేటప్పుడు మీరు అక్కడే కుర్చీ వేసుకోండి.

కప్పు మారాక భారత్ గృహ రక్ష పాలసీ తీసుకోండి. తుఫాను, వరద, అగ్నిప్రమాదం దాని కిందికి వస్తాయి. ఇంటికి కట్టిన బీమా మొత్తంలో 20 శాతం వరకు, 10 లక్షలు దాటకుండా, సామానుకూ వర్తిస్తుంది. పాతబడి కారే కప్పుకు మాత్రం పైసా రాదు, అందుకే ఇప్పుడు క్లెయిమ్ ఆశ పెట్టుకోకండి.

డబ్బు సంగతికొస్తే, ఇప్పుడే డిపాజిట్ విరగ్గొడితే వడ్డీలో కోత పడుతుంది. సంక్రాంతికి కొలతలు తీయించి, ఫిబ్రవరిలో మెచ్యూరైన 2.5 లక్షలతో పని మొదలుపెట్టండి. రెండోది ముట్టుకోవద్దు, అది మందులకూ ఆసుపత్రికీ. దిగే పాత పెంకులు, బాగున్న దూలాలు కాంట్రాక్టర్ ఊరికే పట్టుకుపోతాడు, వాటి వెల కట్టించి బిల్లులోంచి తీసేయించండి. అంతవరకు పడకగది మీద ఒక టార్పాలిన్ బిగించుకుంటే చాలు.