పక్క సీటు మనిషికి పని రాకపోతే ఎలా వేగాలి?

పక్కనున్న ఆయనకి పని రాదు, ఆయన తప్పులన్నీ నేనే దిద్దాల్సి వస్తోంది, ఏం చేయాలి అని అడిగారు. ముందు ఆ దిద్దడం ఆపండి. రెండేళ్లు దిద్ది, బుద్ధి తెచ్చుకున్నాక చెబుతున్నాను.

మా టీములో ఒకాయన ఉండేవారు. నాకంటే పెద్దాయన, మనిషి చాలా మంచివాడు. అదే వచ్చిన చిక్కు, ఒక మాట అనడానికి నోరు వచ్చేది కాదు. నెలాఖరున ఆయన పంపే ఎక్సెల్ షీటులో మొత్తం ఎప్పుడూ తక్కువే వచ్చేది. వేరే సాఫ్ట్‌వేర్ నుంచి కాపీ చేసినప్పుడు కొన్ని అంకెలు టెక్స్ట్‌గా, అంటే ఎక్సెల్ లెక్కలో అంకెలుగా కాక ఉత్త అక్షరాలుగా పడేవి. మొత్తం కూడే సమ్ ఫార్ములా అలాంటివాటిని కలపదు, ఎర్రర్ కూడా చూపించదు, చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది. మామూలుగా గడిలో కుడివైపు ఉండాల్సిన అంకె ఎడమవైపుకి అతుక్కుని ఉంటుంది, మూలన చిన్న ఆకుపచ్చ గుర్తు పడుతుంది. ఆయన ఆ గుర్తుని డిజైన్ అనుకున్నారట!

నేను రాత్రి ఎనిమిదింటి దాకా కూర్చుని అవన్నీ సరిచేసి మేనేజరుకి పంపేదాన్ని. దాంతో ఆయన పని బ్రహ్మాండంగా కనబడేది, నాదేమో వెనకబడేది. ఆ ఏడాది అప్రైజల్‌లో నాకు టైమ్ మేనేజ్‌మెంట్ మెరుగుపడాలని రాశారు.

ఆ తర్వాతి నెల షీటుని ముట్టుకోలేదు. "ఈ పన్నెండు గడులూ మొత్తంలో కలవలేదండీ, ఒకసారి చూసి పంపగలరా" అని తిరిగి పంపాను. మేనేజరుని కాపీలో పెట్టలేదు. మొదటిసారే పెడితే అది ఫిర్యాదు అవుతుంది. కాసేపటికి ఆయనే నా దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "ఇదెలా కనిపెట్టావమ్మా?" అన్నారు. చూపించడానికి పది నిమిషాలు పట్టింది. రెండేళ్లలో ఆ పది నిమిషాలు ఆయనకి ఎవరూ ఇవ్వలేదు, నాతో సహా.

అలాగని అంతా చక్కబడలేదు. ఆ తప్పు పోయి కొత్తవి మొదలయ్యాయి. చెప్పిందే మూడుసార్లు చెప్పాల్సి వచ్చేసరికి ఒళ్లు మండేది. అప్పుడు మేనేజరు దగ్గరికి వెళ్లాను. ఆయనకి పని రాదని మాత్రం అనలేదు. ఏ తేదీన ఏ షీటు తిరిగి పంపానో, దానివల్ల నా పని ఎన్ని గంటలు ఆగిందో మెయిళ్లు తీసి చూపించాను. కొన్నాళ్లకి ఆయన్ని క్లయింట్లతో ఫోన్లో మాట్లాడే పనికి మార్చారు. అందులో ఆయన దిట్ట. కోపంగా ఉన్న క్లయింటు ఫోన్ వస్తే ఇప్పుడు నేనే ఆయన సీటు దగ్గరికి పరిగెడుతున్నాను.